తాను తిన్నాకే పెట్టేవాడు

మొన్న బెజవాడ ఆసుపత్రిలో నన్ను మంచానికి కట్టేశారు. తాళ్ళతో కాదులెండి. చేతికి సూది గుచ్చి, సూదికి గొట్టం తగిలించి, ఆ గొట్టానికి పైన సీసా వేలాడదీసి కదలొద్దన్నారు. సీసాలో నీళ్ళు కాఫీ డికాక్షను రంగులో ఉన్నాయి. ఒంట్లో రక్తం తగ్గిందట, ఇనుము ఎక్కిస్తున్నారట. మా మనవడి ఈడు డాక్టరు మంచం పక్కన నిలబడి ఓపిగ్గా చెప్పాడు.

"మామూలు ఇనుము కాదండీ ఇది. చాలా సన్నటి రేణువులు. మీ తలవెంట్రుక మందంలో వేలకొద్దీ పక్కపక్కన పడతాయి. ఒక్కోదానికీ చుట్టూ చక్కెర పొర ఉంటుంది."

"నా తలమీద వెంట్రుకే లేదు బాబూ, లెక్క ఎట్లా సరిచూసుకోను? అయినా షుగరు మనిషికి చక్కెర చుట్టి ఎక్కిస్తున్నారా?"

నర్సమ్మ నవ్వింది. డాక్టరు నవ్వకుండా, "ఆ మాత్రానికి ఏం కాదులెండి. అంత సన్నగా ఉండబట్టే నేరుగా రక్తంలోకి పంపగలుగుతున్నాం" అన్నాడు.

"పంపారు, బాగుంది. పనయ్యాక బయటికి ఎట్లా వస్తుంది?"

అతను పోబోతున్నవాడు ఆగాడు. "ఇనుము ఒంటికి కావలసిందేనండీ, వాడుకుంటుంది. లెక్క మించితే మాత్రం బయటికి పంపే దారి ఒంటికి సరిగ్గా లేదు. అందుకే కొలిచి ఇస్తాం. వేరే లోహాలతో ఇలాంటివి చేస్తున్నారు, వాటి సంగతి ఇంకా పరీక్షిస్తూనే ఉన్నారు. ఇంతకీ ఈ ప్రశ్న మీకెందుకు వచ్చింది?"

ఆ ప్రశ్న నాది కాదు. ఎనభైలలో నూజివీడులో ఉండిన ఒక భస్మాల వైద్యుడిది. ఊళ్ళో అందరూ వైద్యులుగారనే పిలిచేవాళ్ళు. పేరు రాయను. రాస్తే ఆయన మందు తిన్న వందలమంది ఇవాళ నిద్రపోరు. వందలు అన్నాను కానీ, తిన్నవాళ్ళలో ఇంకా మిగిలిన వాళ్ళం ఒక రిక్షాలో పడతాం. అయినా రాయను.

విస్సన్నపేట పోయే రోడ్డులో, ఊరు అయిపోయి మామిడితోటలు మొదలయ్యే చోట ఆయన పెంకుటిల్లు. ఇంటి వెనక గొయ్యి. గొయ్యి నిండా పిడకలు పేర్చి, మధ్యలో మట్టి మూకుళ్ళలో సీసం బిళ్ళలు పెట్టి మూసి కాల్చేవాడు. చల్లారాక తీసి, ఏదో ఆకుపసరు పోసి కల్వంలో నూరి, మళ్ళీ బిళ్ళలు చేసి మళ్ళీ కాల్చేవాడు. దాన్ని పుటం పెట్టడం అంటారు. అరవై పుటాలు పడితే గానీ సీసం మందు కాదని శాస్త్రమట. నేను ఊళ్ళో వెయ్యి పుటాలని ప్రచారం చేశాను. ఆ సంగతి ఆయన చెవిన పడింది.

"శెట్టిగారూ, వెయ్యి అంటే మా తాతగారు మొదలుపెట్టినవి నేనింకా కాలుస్తూ ఉండాలండీ. కాస్త తగ్గించండి" అన్నాడు.

ఐదొందలకి తగ్గించాను.

పక్కతోట రైతుకీ ఆయనకీ ఏటా గొడవే. పొగ తగిలితే పూత మాడుతుందని రైతు కేకలేసేవాడు. అందుకని వానలు వెనకబట్టాక, పూత రాకముందు, ఆ మధ్యకాలంలోనే గొయ్యి ముట్టించేవాడు. మిగతా ఏడంతా నూరుడు. ఆ వీధిలో నడిచే ఎవరికైనా ముందు కల్వం చప్పుడు వినపడేది, తరవాత ఇల్లు కనపడేది.

ఆయనకో చేష్ట ఉండేది. పొడిగా ఉన్నదేది దొరికినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, వేలు వెలుతురుకి పట్టి, వేలిగీతల్లోకి దిగిందా లేదా అని చూసేవాడు. ఉప్పు, పసుపు, రైసుమిల్లు ఊక, గోడ సున్నం, ఏదైనా సరే. ఒకసారి మా కొట్టుకి వచ్చి లారీ బానెట్టు మీది దుమ్ము నలిపి చూసి, "ఇంకా నాలుగు పుటాలు పడాలి దీనికి" అని వేళ్ళు పంచెకి తుడుచుకున్నాడు. ఇంకోసారి మా ఆవిడ పౌడరు డబ్బా మూత మీద నలిపి, "మంచి నూరుడు. ఎవరో ఓపికగలవాళ్ళు" అని మెచ్చుకున్నాడు. మా ఆవిడ ఆ డబ్బా మళ్ళీ వాడలేదు.

కొత్తవాళ్ళు వస్తే కంచుగిన్నెలో నీళ్ళు పోసి పైన చిటికెడు భస్మం చల్లేవాడు. అది తేలేది. మునిగితే పైకి రాకూడదని చేపల వలకి కట్టే సీసం నీటిమీద మీగడలా పరుచుకుని నిలబడేది. దానిమీద ఒక వడ్లగింజ పెట్టేవాడు. గింజ కూడా తేలేది. మైలవరంలో ఒకాయనతో వడ్లగింజ బదులు నిమ్మకాయ అని చెప్పాను. ఆయన పనిగట్టుకుని బస్సెక్కి చూడటానికి వచ్చాడు. నిజానికి వడ్లగింజ కూడా ఒక్కోసారి మునిగేది. మునిగితే వైద్యులుగారు ఎవరికీ మందు ఇచ్చేవాడు కాదు. ఆ వాయి మొత్తం మళ్ళీ కల్వంలో పోసేవాడు.

"ముద్ద కడుపుదాకా పోతుంది. చూర్ణం రక్తందాకా పోతుంది. భస్మం ఎముకదాకా పోతుందండీ" అనేవాడు. ఎముక అనేటప్పుడు మోచెయ్యి తట్టి చూపించేవాడు.

ఇంతకీ ఆయన దగ్గరికి నేనెందుకు చేరానంటే, మామిడిపళ్ళ కోసం. మాది నూజివీడులో మామిడికాయల కమీషను కొట్టు. నలభై దాటగానే షుగరు వచ్చింది. ఇంగ్లీషు డాక్టరు మామిడిపండు ముట్టొద్దన్నాడు. కొట్టునిండా చిన్నరసాలు, ఇంటినిండా వాసన, ఈగలు కూడా తింటున్నాయి, నేను తప్ప. నా బాధ ఎవరికీ రాకూడదు. అంతకుముందు పూటకి నలభై రసాలు తినేవాణ్ణి. సరే, నాలుగు. మా ఆవిడ చూసినవి రెండు.

సీసపు భస్మం ప్రమేహానికి, అంటే మా షుగరుకే, మందు అన్నారు. ఆశతో వెళ్ళాను. అక్కడే ఆయన పద్ధతి మొదటిసారి చూశాను.

అరుగుమీద పొడుగాటి బల్ల. పొద్దున్నే దానిమీద జనం వరసగా కూర్చునేవాళ్ళు. ఆయన ముందు పీట వేసుకుని కూర్చుని, ఒక్కొక్కరికీ రెండు తమలపాకులు తీసేవాడు. రెండింటిమీదా తేనె చుక్క. రెండింటిలోనూ బియ్యపుగింజంత భస్మం. ఒక ఆకు తాను నోట్లో వేసుకుని, మింగి, నోరు తెరిచి చూపించి, అప్పుడు రెండో ఆకు ఎదుటివాడికి ఇచ్చేవాడు. తరవాతి మనిషికి మళ్ళీ రెండు ఆకులు. పొట్లం ఇంటికి పట్టుకెళ్ళేవాళ్ళయినా సరే, అదే డబ్బాలోంచి తీసి ముందు తాను తినేవాడు.

"ఇదేంటండీ, ప్రతివాళ్ళతోనూ తింటారా?" అన్నాను.

"తిన్నవాడే పెట్టాలండీ. మా నాయనగారూ అంతే, ఆయన నాయనగారూ అంతే. లోహం కదా, జనానికి భయం. నేను తింటే ఆ భయం పోతుంది."

"ఒక్కసారి పొద్దున్నే అందరి ఎదురుగా తినేస్తే సరిపోదా?"

"రెండోవాడు వచ్చేసరికి మొదటివాడి ఆకు అయిపోయిందిగా. వాడు చూసిందేంటి?"

అంతటితో ఊరుకోలేదు. నా కొట్టు సంగతి ఎత్తాడు. "మీరు గంపల్లో కార్బైడు పొట్లాలు పెట్టి కాయ పండిస్తారటగా. ఆ పండు మీ ఇంట్లో తింటారా?"

మా ఇంటికి వరిగడ్డిలో మాగేసిన గంప వేరే ఉండేది. ఆ మాట చెప్పలేదు. షుగరండీ, నేనసలు తిననుగా అన్నాను. బల్లమీదివాళ్ళు నవ్వారు. ఆయన నవ్వకుండా నా ఆకు నాకిచ్చాడు.

మండలం, అంటే నలభై రోజులు, తిన్నాను. రాత్రి అన్నం మాన్పించాడు. పొద్దున్నే బజారునుంచి ఆయన ఇంటిదాకా నడిచి రమ్మన్నాడు, సైకిలు మీద వస్తే మందు లేదన్నాడు. షుగరు దిగింది. మందువల్ల దిగిందా, అన్నం మానినందుకు దిగిందా, నడకకి దిగిందా, ఇప్పటికీ నాకు తెలియదు. అప్పుడు మాత్రం అణుమాత్రం అనుమానం లేకుండా భస్మమే అని ముసునూరు నుంచి మైలవరం దాకా టముకు వేశాను. ఆ ఏడు ఎండల్లో పూటకో రసం తిన్నాను. బల్ల ఇంకో మూరెడు పొడుగయింది. ఎక్కువ చెప్పడంలేదు, వడ్రంగిని పిలిపించి నిజంగానే అతికించాడు.

బల్ల పెరిగినకొద్దీ ఆయన తరగడం మొదలుపెట్టాడు. ముఖంలో రంగు పోయింది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే కడుపు పట్టుకుని వంగేవాడు. మలబద్ధమని ఆముదం తాగేవాడు, వాతమని శొంఠి తినేవాడు. ఆయన భార్య తేనెసీసా అందిస్తూ ఒకరోజు బల్లమీద అందరూ వినేట్టే అంది.

"ఊరందరికీ తగ్గుతుంది. మీ కడుపునొప్పి ఒక్కటే తగ్గదేంటండీ?"

"నాకు ప్రమేహం లేదుగా" అన్నాడాయన. జనం నవ్వారు. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

తరవాత కుడిచెయ్యి వాలింది. వేళ్ళు ఆడేవి, మణికట్టు లేచేది కాదు. చెయ్యి చాపితే అరచెయ్యి కిందికి వేలాడేది, వాడిపోయిన కాడలాగా. కల్వం ఎడమచేత్తో నూరడం నేర్చుకున్నాడు. అప్పుడు ఆవిడ మా కొట్టుకి కబురు పెట్టింది. "అన్నయ్యగారూ, మీ మాట వింటారు. ఒక్కసారి బెజవాడ తీసుకెళ్ళండి" అంది. నా మాట ఎవరూ వినరు. నేను కాయల బేరం మాట్లాడేవాడిలా బెజవాడలో మంచి కల్వం అమ్మకానికి వచ్చిందని చెప్పి బస్సెక్కించాను.

దింపింది మాత్రం ఆసుపత్రి దగ్గర. అక్కడి డాక్టరు ఆయన చెయ్యి చూశాడు, కళ్ళకింద రెప్ప లాగి చూశాడు. కింది పెదవి కిందికి లాగాడు. పళ్ళకి ఆనుకుని చిగుళ్ళ అంచున నీలంగా నల్లగా సన్నటి గీత ఉంది. ఎవరో పెన్సిలుతో గీసినట్టు ఉంది.

"బ్యాటరీల షెడ్డులో పనా? ప్రెస్సులో అచ్చులు పేరుస్తారా?"

"వైద్యుణ్ణి" అన్నాడాయన.

భస్మం సంగతి నేను చెప్పాను. డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఎంత తింటారు?"

"బియ్యపుగింజంత."

"రోజుకా?"

"మనిషికి. ఎంతమంది వస్తే అంతమందితో."

నాకు అప్పటిదాకా తట్టని లెక్క అప్పుడు తట్టింది. మేమంతా మా మా గింజలు తిన్నాం. మండలం అయ్యాక మానేశాం. ఆయన మా అందరి గింజలూ తిన్నాడు, ఏళ్ళ తరబడి. పైగా నూరుతున్నంతసేపూ లేచే ధూళి.

"ఇది సీసం. సీసం విషం" అన్నాడు డాక్టరు.

"ముడి సీసం విషమేనండీ. ఇది పుటం పడింది. నీళ్ళమీద తేలుతుంది. వేలిగీతల్లోకి దిగుతుంది."

"దిగుతుందిగా. అదే నేను చెప్పేది. మీరు ఎంత సన్నగా నూరితే అంత తేలిగ్గా ఒంట్లోకి ఎక్కుతుంది. కాల్చినా నూరినా అందులో ఉన్నది సీసమే. ముందు తినడం ఆపాలి, ఆ గది వదలాలి. రక్తంలో ఉన్నదాన్ని కొంత లాగడానికి మందులున్నాయి. ఎముకల్లో చేరింది అంత తేలిగ్గా రాదు." ఆపైన, "ఎవరికి పెట్టినా పెట్టకపోయినా, కడుపుతో ఉన్నవాళ్ళకీ పసిపిల్లలకీ మాత్రం ఇది తగలనివ్వకండి" అన్నాడు.

ఎముకలు అనగానే వైద్యులుగారి ఎడమచెయ్యి ఆయన మోచేతిమీదికి వెళ్ళింది.

తిరుగుబస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆ తరవాత, "సన్నగా నూరి లోపలికి పంపడం మూడు తరాలుగా నేర్చుకున్నామండీ. పనయ్యాక బయటికి ఎట్లా వస్తుందని మా నాయన్ని ఒక్కసారన్నా అడిగానా? అడగలేదు" అన్నాడు.

"ఇప్పుడు ఆపెయ్యండి."

"నేను తినడం ఆపితే బల్లమీదివాళ్ళు ఎందుకని అడుగుతారు. నాకు పడలేదని చెబితే వాళ్ళకి పెట్టిన దాని సంగతి అడుగుతారు. పెట్టడమే ఆపేస్తే, పెట్టకుండా దాచుకున్నాడంటారు."

"ఎవరికీ చెప్పకుండా ఉపాయం ఉంది. మీ ఆకులో పిడక బూడిద వేసుకోండి. తేనెలో ఎవడు కనిపెడతాడు?"

నావంక చూశాడు. తిడతాడనుకున్నాను. "రంగు కలుస్తుందా?" అన్నాడు.

మర్నాడు నేను చూస్తుండగానే మొదటి మనిషికి ఆకు పరిచి, తన ఆకులో బూడిద వేసుకుని తిన్నాడు. నోరు తెరిచి చూపించాడు. రెండో ఆకు ఇవ్వబోయి చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఎదుటివాడు చెయ్యి చాపే ఉన్నాడు. వైద్యులుగారు మళ్ళీ డబ్బాలో వేలు ముంచి అసలుది నాలికకి రాసుకుని, అప్పుడు ఆకు ఇచ్చాడు. ఆ పూటంతా ప్రతివాడితోనూ రెండూ తిన్నాడు. నా ఉపాయం వల్ల ఆయనకి జరిగిన మేలు అది.

తరవాత భస్మం అయిపోయిందని చెప్పి చూశాడు. "అయ్యో, పిడకలు లేవా అండీ?" అన్నారు జనం. నాలుగో నాటికి ముసునూరు నుంచీ చుట్టుపక్కల తోటల్లోంచీ ఆడవాళ్ళు గంపలతో పిడకలు తెచ్చి గోడవారగా పేర్చి వెళ్ళారు. ఒకాయన ఆకుపసరు పిండి తెచ్చాడు. ఇద్దరు కుర్రాళ్ళు, మీ చెయ్యి బాగాలేదుగా, మేం నూరతామని కల్వం ముందు కూర్చున్నారు. వాళ్ళని ఆ ధూళిలోంచి లేపడానికి ఆయనే కల్వం లాక్కుని నూరాల్సి వచ్చింది. మనిషిని కొట్టి, తిట్టి మూల కూర్చోబెడితే తిరగబడొచ్చు. ప్రేమగా పిడకలు మోసుకొస్తే ఏం చేస్తాడు? ఆ గోడవార పిడకలు చూరుదాకా లేచాయి. వీధిలోంచి చూస్తే ఆయన ఇంటి కిటికీ కనపడేది కాదు. డబ్బా మళ్ళీ తెరవక తప్పలేదు.

ముసునూరు నుంచి వచ్చేవాళ్ళలో ఒకావిడ ఉండేది. చిక్కం కట్టిన గెడతో మామిడికాయ కోసే కూలీ. కాయకి సొన అంటకుండా కోయడంలో ఆవిణ్ణి మించినవాళ్ళు మా కొట్టుకి పనిచేసేవాళ్ళలో లేరు. ఆవిడకీ షుగరే. గోడవార మొదటి గంప ఆవిడదే. ఒకరోజు తన ఆకు అయ్యాక లేవకుండా కూర్చుంది.

"బాబుగారూ, ఇంకో పొట్లం కట్టండి. మా పిల్లకి."

"పిల్లకేంటమ్మా?"

"నీళ్ళోసుకుంది కదండి. పురిటికి తీసుకొచ్చా. గవర్నమెంటు ఆసుపత్రిలో షుగరొచ్చిందన్నారు. ఆళ్ళ మందులెందుకు, మీదుండగా."

నేను ఆయన వంక చూశాను. ఆయన ఎవరి వంకా చూడలేదు. అలవాటున ఎడమచేత్తో రెండు ఆకులు తీశాడు. తేనె వేశాడు. డబ్బా మూత తీసి రెండింటిలోనూ గింజంత వేశాడు. ఎడమచెయ్యి కూడా అప్పటికి పట్టు తప్పుతోంది. ఆకు ఎత్తబోతే తేనె మోకాలిమీద కారింది.

"అయ్యో, చెయ్యి లేవట్లేదా అండి? ఉండండి, నే పెడతా" అంది ఆవిడ. లేచి దగ్గరికొచ్చి, ఆకు మడిచి, పసివాడికి గోరుముద్ద పెట్టినట్టు ఆయన నోటిదగ్గర పెట్టింది. "ఊఁ, తెరవండి. మీరు తింటేగా నే పట్టుకెళ్ళేది."

బల్లమీద అందరూ ముచ్చటగా చూస్తున్నారు. లోపలి గుమ్మంలో ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఆయన పెదవులు బిగించాడు. ఆవిడ ఇంకొంచెం దగ్గరికి పెట్టింది. ఆకు కొస పెదవికి తగిలింది. తల పక్కకి తిప్పాడు.

"నేను తిననమ్మా."

"అదేంటి బాబుగారూ? ఆరోగ్గెం బాలేదా?"

"తినను. ఇకమీదట తినను."

ఆవిడ ఆకు చేతిలో పెట్టుకుని కాసేపు నిలబడింది. కోపంగా ఏమీ లేదు, లెక్క చూసుకుంటున్నట్టుంది.

"మీరు తిననిది మా పిల్లకెందుకులెండి" అని ఆకు బల్లమీద పెట్టింది. కొంగుతో వేళ్ళు తుడుచుకుని, గంప తీసుకుని మెట్లు దిగింది.

ఆవిడ వెనకే ఒకడు లేచాడు. తరవాత ఇద్దరు. చేతిలో ఆకున్నవాళ్ళు ఆకు కిందపెట్టారు. పొట్లం కట్టించుకున్నవాళ్ళు పొట్లం పీటమీద పెట్టారు. ఒక పెద్దమనిషి మాత్రం మెట్టుమీద ఆగి, "మరి మొన్నటిదాకా మాకెందుకు పెట్టావయ్యా?" అన్నాడు.

"మొన్నటిదాకా నేనూ తిన్నాగా" అన్నాడు వైద్యులుగారు.

సీసం అంటే ఏమిటో, ఎముకలోకి ఎట్లా దిగుతుందో ఆయన ఆ జనానికి చెప్పినా నమ్మేవాళ్ళు కాదు. ఇంకో గంప పిడకలు తెచ్చేవాళ్ళు. తినను అన్న ఒక్క మాట మాత్రం అందరికీ అర్థమైంది.

ఆ తరవాత సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. బెజవాడలో మందు వాడాడు. చిగుళ్ళ మీది గీత మాసింది. మణికట్టు సగం లేచింది, మిగతా సగం లేవలేదు. మందు తిన్నవాళ్ళందరినీ రక్తం చూపించుకోమని పేరుపేరునా ఇళ్ళకి వెళ్ళి చెప్పాడు. కొందరు తలుపు వేసుకున్నారు. కొందరు మొహానే మోసగాడన్నారు. నేను వెళ్ళి చూపించుకున్నాను. కొంచెం ఉందన్నారు. కొంచెమంటే ఎంతో అడగలేదు. మిగిలిన భస్మాన్ని ఏం చేయాలో ఆయనకి చివరిదాకా తోచలేదు.

"ఎక్కడ పారబోయను శెట్టిగారూ? కాలవలో పోస్తే తేలుతుంది, గాలికి వదిలితే లేస్తుంది. పాతిపెడితే చెట్టు పీలుస్తుంది, ఆ కాయ మీరు అమ్ముతారు."

సీసాలో పోసి, మూతచుట్టూ లక్క కరిగించి పోసి అటకమీద పెట్టాడు. ఆయన ఆ ఇంట్లోనే ఇంకొన్నేళ్ళు ఉన్నాడు. ఆ సీసాకీ, ఆయనకీ కూడా బయటికి పోవడానికి చోటు లేదు. పోయాడని తెలిసినరోజు నేను లారీకి కాయ ఎత్తిస్తున్నాను.

ఇక నా సంగతి. ఆ పొద్దున బల్లమీదినుంచి అందరికన్నా ముందు లేచినవాణ్ణి నేనేనని, "లేవండర్రా, ఇది విషం" అని అరిచింది నేనేనని ఈ ఊళ్ళో చాలామందికి చెప్పాను. మా ఆవిడకి కూడా అలాగే చెప్పాను. నమ్మింది, పాపం.

నేను లేవలేదు. అందరూ వెళ్ళాక కూడా కూర్చునే ఉన్నాను. అంత పొడుగు బల్లమీద చివర నేనొక్కణ్ణే. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, పూత విరగబూస్తుందని తోటల్లో అందరూ చెప్పుకుంటున్నారు. నా షుగరు మళ్ళీ పైకి పోతోంది.

"మీరు లేవలేదేం శెట్టిగారూ?"

"ఏం లేదండీ. వేసవికి ఒక్క మండలానికి సరిపడా... నాకు పెద్దగా ఏం చేయలేదు కదా అని."

ఆయన నన్ను తిట్టలేదు. ఆవిడ బల్లమీద పెట్టిన ఆకు తీసుకున్నాడు. పక్కనే రెండో ఆకు నావైపు జరిపాడు.

"ఇస్తానండీ. మీకివ్వాలంటే ముందు నేను తినాలి. తినమంటారా?"

వద్దని చెప్పి చెప్పులేసుకుని వచ్చేశానంటే ఎంతో బాగుంటుంది. వచ్చేసిన మాట నిజమే. కానీ ముందు కాసేపు ఆలోచించాను. ఆలోచించినంతసేపూ ఆయన ఆ ఆకు కింద పెట్టలేదు.